సిరోంచల మూడు పాయింట్ పది

దవాఖాన వెనుక గదిల, ఫినాయిల్ డబ్బాల నడుమ
ఒక బూడిద రంగు పెట్టె.
దాని కెర్నల్ మూడు పాయింట్ పది.
మార్చుమని ఎవరైనా అంటరు. నేనూ అన్న.
మార్చితే రక్తం లెక్కబెట్టే మిషన్ పలకదు.
డ్రైవర్ రాసిన కంపెనీ మూతబడ్డది,
సోర్సు వాళ్లతోనే పోయింది,
మిగిలింది ఈ ఒక్క కెర్నల్‌కు తప్ప
ఎవరికీ లొంగని బైనరీ ముద్ద.

అందుకే సొరంగాన్నే కిందికి దింపాలె.
అయిదో మెట్టు మీద పుట్టిన కోడ్‌ను
చెయ్యి పట్టుకొని మూడో మెట్టుకు.

"గడ్చిరోలికి మామూలు లైను ఉన్నది గదా" అన్నడు డాక్టర్ మడావి.
ఉన్నది. ఆ లైను మీద
అసరల్లి నుంచి వచ్చిన రుక్కి ఆత్రం పేరు,
పక్కన సికిల్ అన్న మాట,
దారి పొడుగునా ఎవరు తొంగి చూసినా కనబడుతది.
ఆ మాట ఆ పిల్ల ఇంకా వాళ్ల అమ్మకే చెప్పలేదు.

మొదటి రోజు కంపైల్ చేస్తే
రెండు వందల పదకొండు తప్పులు.
చాయ్ తాగి వచ్చి మళ్లీ చేస్తే
రెండు వందల పదకొండే.

కొత్త కోడ్ ఒక పేరు పెట్టి పిలుస్తది,
పాత ఇంట్ల ఆ పేరుగల మనిషే లేడు.
ఉన్నా, రెండు చేతులతో అందుకునేటోడు;
ఇది మూడు వస్తువులు ఇస్తది.
టైమర్ సంగతి చూడుండ్రి:
అప్పట్ల నిద్ర లేచిన టైమర్ చేతిల
గుర్తు లేని ఒక అంకె పెట్టేటోళ్లు,
ఆ అంకె ఎవరిదో అదే వెతుక్కోవాలె.
ఇప్పుడు లేవంగనే దాని చేతికి దాన్నే ఇస్తున్నరు.
ఈ రెంటి నడుమ నేను రాసింది పదకొండు లైన్లు.

మా ఇంటిపేరు రేగుల.
ఒకటో తరగతిల మాస్తరు రేగులవార్ అని రాసుకున్నడు.
నోరు తిరగక కాదు,
రిజిస్టర్‌ల అందరూ అట్లనే ఉన్నరు.
నాయిన కొట్లాడలేదు. "పిలిస్తే పలుకు, అంతే" అన్నడు.
కంపాట్ డాట్ హెచ్ ఫైలు నిండ అసొంటి తోకలే.

ఏడో నాటికి తప్పులు సున్నా.
సంబురంగ పెట్టెల ఎక్కిస్తే
తెర మీద తెల్ల అక్షరాలు జలజల పారి ఆగినయి.
బయట ఓపీ వరుసల నలభై మంది.
సిస్టర్ కుసుమ తలండి పేర్లన్నీ చేత్తో రాసింది,
నన్ను ఒక్క మాట అనలేదు.
అంటే బాగుండు.

వేసిన తాళం తీయడం మరిచిన చోటు అది.
అరిచింది కాబట్టి దొరికింది.
అరవని తప్పు ఇంకోటి ఉన్నది,
ప్రాణహిత రేవు మెట్లు మునిగిన రాత్రి కనబడ్డది:
రహస్యం చేయడానికి కొత్త కోడ్‌కు
ఎవరూ ఊహించలేని అంకెలు కావాలె,
కుండ నిండేదాక ఆగుత అంటది.
పాతదానికి ఆగుడు తెలువదు.
అడిగితే ఉన్నది ఉన్నట్టు పోస్తది.
కరెంటు వచ్చిన మొదటి నిమిషంల
ఆ ఉన్నది దాదాపు ఏమీ లేదు.
ఇక్కడ కరెంటు రోజుకు ఆరు సార్లు పోతది.
ఎర్ర గీత రాదు, ఎవరూ తిట్టరు,
సొరంగం నిలబడ్డట్టే ఉంటది,
అట్టముక్క తలుపుతో.

ఆగుడు నేర్పిన. నాకే చాతగాని పని.
డిస్కు కదిలిన కదలిక,
మిషన్‌ల రక్తం సీసా తిరిగిన ప్రతి తిరుగుడు,
తీగ మీద వచ్చిన ప్రతి తట్టు
చుక్క చుక్క పోగయ్యేదాక
కదలొద్దని చెప్పిన.

మంగళారం పదకొండున్నరకు
గడ్చిరోలి నుంచి జవాబు, తొంభై రెండు బైట్లు.
రుక్కి కాగితం మొదలు పోయింది.
నడిమిట్ల చెవి పెడితే ఒట్టి ఇసుక.
"అయిందా?" డాక్టర్ తెర దిక్కు చూసిండు.
చూసేటందుకు ఏమీ లేదు.

ఫైలు నెత్తిన ఒక మాట రాసిపెట్టిన:
ఈ మిషన్ చచ్చిన రోజు ఇదంతా తీసి పారేయుండ్రి.
కింద పేరు కొట్టేటప్పుడు
వేళ్లు వాటంతట అవే వార్ దాక పోయినయి.
దిద్దలే.